ఎనిమిది వేల మైళ్ళు దాటి వచ్చిన పాటకు ఏడు నిమిషాలు

అమెరికాలోని తెలుగు సంఘాల సాంస్కృతిక కమిటీల పెద్దలకు నమస్కారం.

నేను టెనసీ రాష్ట్రంలో, నాష్‌విల్ దగ్గర, పద్దెనిమిదేళ్ళుగా ఉంటున్నాను. గుడిలోనో పిల్లల తెలుగు బడిలోనో మీలో ఎవరో ఒకరు వారం వారం ఎదురవుతూనే ఉంటారు. మీ వేడుకల్లో పులిహోర వడ్డించాను, గ్రీన్‌రూమ్‌లో డాన్సు పిల్లల చీరలకు పిన్నులు పెట్టాను, రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర బ్యాడ్జీలు పంచాను. ఇంటి మనిషిగానే ఈ ఉత్తరం రాస్తున్నాను, అలాగే చదవండి.

కొన్నేళ్ళ కిందట ఒక సంఘం వేడుకకు తెలంగాణ పల్లె నుంచి తంబుర కథ చెప్పే దంపతులు వచ్చారు. ఇద్దరికీ అరవై దాటాయి. ఆయన తంబుర మీటుతూ కథ నడుపుతాడు, ఆవిడ గుమ్మెట వాయిస్తూ వంత పాడుతుంది. వాళ్ళకు తోడుగా ఉండే పని నాకు అప్పగించారు. కాగితం మీద పదిహేను నిమిషాలు రాసి ఉంది. పొద్దున్నే హోటల్ గదికి వెళ్తే ఆవిడ గుమ్మెట ఒళ్ళో పెట్టుకుని దిగులుగా కూర్చుంది. రాత్రంతా ఏసీకి తోలు మెత్తబడిపోయిందట. ఊళ్ళో అయితే నాలుగు పుల్లలు మంటేసి కాచుకుంటారు, ఇక్కడ అగ్గిపుల్ల గీసినా అలారం మోగుతుంది. బాత్రూమ్‌లో ఉన్న హెయిర్ డ్రయర్ తీసి చూపించాను. ఆవిడ దాన్ని తోలుకు జానెడు దూరంలో పట్టుకుని, గుమ్మెటను నెమ్మదిగా తిప్పుతూ, మధ్య మధ్య ఆపి వేలితో ఒక్క దెబ్బ కొట్టి చెవి ఆనించి వింది. అలా అరగంట. చివరికి నా వైపు తిరిగి, "ఇగ పలుకుతాంది బిడ్డా" అంది.

సాయంత్రం ఉపన్యాసాలు సాగి సాగి కార్యక్రమం గంటన్నర వెనకబడింది. కోత ఎవరికి పడుతుందో మీకు తెలుసు. ఏడు నిమిషాల్లో ముగించాలని చెప్పమన్నారు. చెప్పాను. "ఏడు నిమిషాలల్ల గణపతి ప్రార్థన గూడ ఒడవదు గద బిడ్డా" అన్నాడాయన, కోపం లేకుండా, నిజంగానే అర్థం కాక. సౌండు దగ్గరున్న అబ్బాయి ట్రాక్ ఇమ్మని అడిగాడు. ట్రాక్ ఏమీ ఉండదని చెప్తే ఒక్క మైకు పెట్టాడు, తంబురకు లేదు. నాలుగో నిమిషంలో, కథలో రాజకుమారి ఇంకా పుట్టకముందే, పక్కనుంచి చెయ్యి ఊపారు. శాలువా, జ్ఞాపిక, ఫోటో. తెర వెనక ఆవిడ గుమ్మెటను మళ్ళీ పాత చీర ముక్కలో చుట్టుకుంటూ ఒక్క మాట కూడా అనలేదు. ఆ మౌనం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఎవరినో దోషిని చేయాలని ఇదంతా చెప్పడం లేదు. ఆ రోజు అక్కడ తిరిగినవాళ్ళంతా ఉద్యోగాలకు సెలవు పెట్టి, నిద్రలు మానుకుని పని చేసినవాళ్ళే. ఆ దంపతులను పిలిచింది కూడా ప్రేమతోనే. అయితే జంటగా పాడి బతికేవాళ్ళకు ఏం కావాలో మనకు తెలియదు. నాకూ తెలిసేది కాదు. ఈ ఊళ్ళో ఉండబట్టి, ఇక్కడి ఒక జంట ముప్ఫై ఏళ్ళుగా ఎలా నిలబడిందో చూడబట్టి తెలిసింది.

ఆమె గిలియన్ వెల్చ్, ఆయన డేవిడ్ రాలింగ్స్. బోస్టన్‌లోని బర్‌క్లీ సంగీత కళాశాలలో చదివేటప్పుడు ఒక కంట్రీ సంగీత బృందం ఆడిషన్‌కు వెళ్ళి కలుసుకున్నారు. 1992లో నాష్‌విల్ వచ్చారు. రెండు గిటార్లు, రెండు గొంతులు. డ్రమ్ములు లేవు, వెనక పదిమంది లేరు. వాళ్ళ కచేరీకి వెళ్తే వేదిక మీద కనిపించేది దాదాపు అంతే. ఆయన వాయించేది 1935 నాటి ఎపిఫోన్ ఒలింపిక్, ఆ రోజుల్లో చవక రకంగా అమ్ముడుపోయిన గిటారు. దాన్ని ఆయన గుండెకు దగ్గరగా ఎత్తిపట్టి ఊగిపోతూ వాయిస్తుంటే తీగ తీగా విడిగా వినిపిస్తుంది.

వాళ్ళను నేను మొదటిసారి విన్నది రైమన్ ఆడిటోరియంలో. 1892లో ప్రార్థనా మందిరంగా కట్టిన భవనం అది, ఇప్పటికీ కూర్చునేవి చర్చి బల్లలే. రెండు వేల మందికి పైగా పడతారు. ఒక పాటలో ఆమె గిటారు పక్కన పెట్టి, తొడ మీద అరచేత్తో దరువేస్తూ, బూట్ల మడమలతో చెక్క నేల మీద చిందు తొక్కింది. అన్ని వేల మందిలో ఒక్కరి ఫోనూ వెలగలేదు. ఆ మడమల చప్పుడు వింటుంటే నాకు మా ఊరి భాగోతుల గజ్జెలు గుర్తొచ్చాయి. ఆయన గొంతు ఆమె గొంతు వెంట నడుస్తుంటే, ఇది వంతే కదా అనిపించింది. మన కథల్లో వంత పాడే మనిషి "తందాన" అన్నంత మాత్రాన చిన్నవాడైపోడు. కథకుడు ఊపిరి తీసుకునే చోటు వంతకే తెలుసు. రాలింగ్స్ చేసేది అచ్చంగా ఆ పనే.

కానీ రైమన్‌కు చేరడానికి ముందు ఈ ఊళ్ళో చిన్న గదులున్నాయి. స్టేషన్ ఇన్ అని ఒక చోటుంది, 1974 నుంచి నడుస్తోంది. బయట నుంచి చూస్తే పాత గోదాములా ఉంటుంది. లోపల నూటయాభై, రెండొందల మంది మోకాళ్ళు తగిలేలా కూర్చుంటారు. టికెట్ కొంటారు, పాట నడుస్తుంటే మాట్లాడరు. వాయించేవాళ్ళకు వచ్చే డబ్బు తక్కువే కావచ్చు, కానీ గంటా రెండు గంటల సమయం వాళ్ళది. కొత్త పాట తడబడినా వినేవాళ్ళుంటారు, మరుసటి నెల అదే పాట బాగుపడితే గుర్తుపట్టేవాళ్ళూ ఉంటారు. ఇలాంటి గదులు లేకపోతే ఈ ఊరికి పాటల ఊరన్న పేరు వచ్చేదే కాదు.

వాళ్ళకు పేరు రావడానికి ఎంత కాలం పట్టిందో కూడా చూడండి. ఆమె రాసిన "ఆర్ఫన్ గర్ల్" పాటను లోకానికి వినిపించింది అప్పటికే పేరున్న గాయని ఎమ్మిలూ హారిస్, 1995లో. సొంత ఆల్బమ్ "రివైవల్" మరుసటి ఏడాది వచ్చింది. లాస్ ఏంజెలెస్‌లో, టీవీ షోలకు సంగీతం రాసే తల్లిదండ్రుల ఇంట పెరిగిన పిల్లకు అపలాచియా కొండల పాటలతో ఏం పనని కొందరు విమర్శకులు నిలదీశారు. ఆమె జవాబు చెప్తూ కూర్చోలేదు, పాడుతూ పోయింది. 2000లో "ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?" సినిమా వచ్చి, అందులోని పాతకాలపు పాటలు లక్షల ఇళ్ళలో మోగాయి. వాటిలో ఆమె గొంతూ ఉంది. 2002లో ఆ పాటల ఆల్బమ్‌కు ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది.

ఆ సినిమా ఊపులో పెద్ద కంపెనీని పట్టుకుని వరసగా ఆల్బమ్‌లు తీసి సొమ్ము చేసుకోవచ్చు. వాళ్ళు ఎంచుకున్న దారి వేరు. అంతకుముందు పాటలు తీసుకొచ్చిన లేబుల్, అంటే రికార్డు కంపెనీ, చేతులు మారింది. ఇద్దరూ కలిసి అకోనీ రికార్డ్స్ అని సొంత లేబుల్ పెట్టుకున్నారు. అకోనీ అంటే అపలాచియా కొండల్లో చలి పోతూ పోతుండగానే పూసే చిన్న తెల్ల పువ్వు. 2001లో "టైమ్ (ది రెవెలేటర్)" ఆ లేబుల్ మీదే వచ్చింది, రాలింగ్స్ తానే నిర్మాతగా. అప్పుడు నెట్‌లో పాటలు ఉచితంగా పంచుకునే న్యాప్‌స్టర్ గాలి వీస్తోంది, పాట కొనే అలవాటే పోతోంది. ఆ ఆల్బమ్‌లో "ఎవ్రీథింగ్ ఈజ్ ఫ్రీ" అనే పాట దాని గురించే. డబ్బు ఇవ్వకపోయినా వీళ్ళు పాడకుండా ఉండలేరని లోకానికి తెలిసిపోయింది అన్న బాధ అది. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా కుర్ర పాటగాళ్ళు దాన్ని ఎత్తుకుని పాడుతున్నారంటే ఆ బాధ తీరలేదనే కదా.

తర్వాత తూర్పు నాష్‌విల్‌లోని వుడ్‌ల్యాండ్ స్టూడియో కొనుక్కున్నారు. ఒకప్పటి సినిమా హాలు, 1967లో స్టూడియోగా మారింది, 2001లో మూతపడింది. అక్కడే పాడతారు, అక్కడే రికార్డు చేస్తారు, టేపులు అక్కడే దాచుకుంటారు. వినైల్ రికార్డు సరిగ్గా రావాలని గాడి చెక్కే లేత్ యంత్రం కూడా కొని, ఆ పని కుదిరేదాకా ఏళ్ళు ఆగారు. 2011లో వచ్చిన "ది హారో అండ్ ది హార్వెస్ట్" ఆల్బమ్ వినైల్‌గా చేతికందింది 2017లో. దానికి ముందు ఆల్బమ్ 2003ది. ఎనిమిదేళ్ళు ఆమె పేరుతో కొత్త ఆల్బమ్ లేదు. రాసినవి తమకే నచ్చక పక్కన పడేశారు. సొంత లేబుల్ ఉంది కాబట్టి ఆగగలిగారు, ఊరూరా చిన్న హాళ్ళలో టికెట్ కొని వచ్చేవాళ్ళు ఉన్నారు కాబట్టి ఆ ఎనిమిదేళ్ళూ అన్నం తిన్నారు. పాత టేపుల సంకలనాలు పక్కన పెడితే, ఎవరి పేరు మీద వచ్చినవైనా కలిపి ముప్ఫై ఏళ్ళలో పది ఆల్బమ్‌లే. మొదటి నుంచీ ఇద్దరి పనే అయినా, అట్ట మీద ఇద్దరి పేర్లూ కలిసి పడింది 2020లోనే.

ఆ 2020 మార్చి 3 రాత్రి నాకు బాగా గుర్తు. అర్ధరాత్రి దాటాక సైరన్లు మోగాయి. పిల్లలిద్దరినీ మెట్ల కింద గదిలో కూర్చోబెట్టి, తలల మీద దిండ్లు పెట్టి, ఫోన్లో తుఫాను దారి చూస్తూ ఉన్నాం. సుడిగాలి మా వైపు రాలేదు, తూర్పు నాష్‌విల్ మీద పడింది. వుడ్‌ల్యాండ్ పైకప్పు ఎగిరిపోయింది. వాన లోపలికి కొడుతుంటే, కరెంటు లేని చీకట్లో, ఆ ఇద్దరూ టేపులనూ గిటార్లనూ తడవని చోటికి మోసుకుంటూ ఆ రాత్రి గడిపారు. కాపాడిన వాటిలో 2002లో ఒక పబ్లిషింగ్ ఒప్పందం తీర్చుకోవడానికి హడావిడిగా పాడి పెట్టి, ఎన్నడూ బయటపెట్టని పాటలున్నాయి. ఆ ఏడాదే వాటిలో 48 పాటలను మూడు భాగాలుగా విడుదల చేశారు. కరోనాలో ఇంట్లో కూర్చుని పాత పాటలు పాడి తీసిన "ఆల్ ది గుడ్ టైమ్స్"కు 2021లో ఉత్తమ ఫోక్ ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది. స్టూడియో బాగుచేసుకున్నాక దాని పేరుతోనే 2024లో "వుడ్‌ల్యాండ్" తెచ్చారు, మరుసటి ఏడాది దానికీ అదే గ్రామీ.

వాళ్ళు చీకట్లో మోసుకెళ్ళినవి తమ సొంత టేపులు. మన దంపతులకు మోసుకెళ్ళడానికి ఏముంది? ఆ రోజు వాళ్ళు పాడిన నాలుగు నిమిషాలను ఎవరో ఫోన్లో తీసి నెట్‌లో పెట్టారు. దాని మీద మరెవరో బీట్లు వేసి మరో ఛానెల్లో పెట్టారు. లక్షల మంది చూశారు. కింద "జానపదం" అని ఉంది, పేరు లేదు. ఆర్నెల్ల తర్వాత పక్క ఊళ్ళో పెళ్ళి బరాత్‌లో డీజే వాడు అది వేస్తుంటే ఆవిడ విన్నదట. "అది మా గొంతే గద బిడ్డా, పైసలు ఎవరికి పోతున్నయి?" అని ఫోన్లో నన్ను అడిగింది. నా దగ్గర జవాబు లేదు. జానపదం అనగానే ఎవరిదీ కానిది అనుకునే అలవాటు మనకుంది. కథ తాతలదే కావచ్చు, ఆ రోజు పాడిన గొంతు ఆవిడది.

బిరుదులతో ఇది తీరుతుందని కూడా నాకు నమ్మకం లేదు. దర్శనం మొగిలయ్య గారికి 2022లో కిన్నెర వాద్యానికి పద్మశ్రీ వచ్చింది, ఊరూవాడా సంతోషించాం. 2024లో ఆయన కూలి పనికి పోతున్న వార్త, ఫోటో చూశాం. అంత పెద్ద గౌరవం వచ్చినా నెలనెలా ఇంత అని వచ్చే కచేరీలు లేకపోతే ఇల్లు గడవదు.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. ఆ రాత్రి వేడుక అయిపోయాక మేం ఆరుగురు వాలంటీర్లం, మా అమ్మాయి, ఆ దంపతుల హోటల్ గదికి వెళ్ళాం. భోజనం డబ్బాలు ఇవ్వడానికి వెళ్ళాం, అంతే. ఆయన తంబుర శ్రుతి చేస్తున్నాడు. "అక్కడ ఆగింది కద, ఇక్కడ ఒడగొడత" అన్నాడు. ఆవిడ మాట్లాడకుండా లేచి హెయిర్ డ్రయర్ తెచ్చుకుంది. మేం నేల మీద కూర్చున్నాం. రాజకుమారి పుట్టింది, పెరిగింది, అడవికి పోయింది. ఒక చోట ఆయన ఆగి మా అమ్మాయిని "నీ పేరేంది బిడ్డా?" అని అడిగి, ఆ పేరునే రాజకుమారి చెలికత్తెకు పెట్టి కథ నడిపాడు. పద్నాలుగేళ్ళ పిల్ల, ఇంట్లో తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పే పిల్ల, నోరు తెరుచుకుని వింది. పక్క గదివాళ్ళు ఫిర్యాదు చేస్తారేమోనని నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఎవరూ చేయలేదు. తువ్వాళ్ళ బండి తోసుకుంటూ పోయే ఒకావిడ గుమ్మం దగ్గర ఆగి కాసేపు విని వెళ్ళింది. రెండు గంటలు పైనే పట్టింది.

ఆ గదిలో వేదిక లేదు, ఎల్‌ఈడీ తెర లేదు, స్పాన్సర్ లేడు. స్టేషన్ ఇన్‌లో ఉండేదే అక్కడా ఉంది. కాబట్టి నేను మిమ్మల్ని కోరేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. మహాసభల వేదిక మీద ఇంకో పది నిమిషాలు ఇమ్మని అడగడం లేదు, ఆ వేదిక వాళ్ళకు సరిపడదు. నూట ఇరవై కుర్చీలుండే హాలు, మంచి మైకులు రెండో మూడో, ఉపన్యాసాలు లేని రెండు గంటలు. ప్రతి ఊళ్ళో లైబ్రరీకో స్కూలుకో అలాంటి హాలు ఉంటుంది. టికెట్ పాతిక డాలర్లు పెడితే ఒక ఊరికి మూడు వేలు. పది ఊళ్ళ సంఘాలు చేతులు కలిపితే ముప్ఫై వేలు. విమానం ఖర్చులు, హాళ్ళ అద్దెలు పోను ఇద్దరు మనుషులు రెండేళ్ళు నిశ్చింతగా కథలు చెప్పుకునేంత మిగులుతుంది. మొహమాటపడి టికెట్ లేకుండా పెట్టకండి. ఉచితంగా వచ్చినవాళ్ళు మధ్యలో లేచిపోతారు, కొనుక్కున్నవాళ్ళు కూర్చుంటారు.

వీసా సంగతి చాలామంది కమిటీ సభ్యులకు తెలియదు కాబట్టి రాస్తున్నాను. సందర్శకుల వీసా మీద వచ్చిన కళాకారులకు ఇక్కడ కచేరీకి పారితోషికం ఇవ్వడానికి వీలుండదు. అందుకే శాలువా దగ్గర ఆగిపోతున్నాం. సాంస్కృతికంగా విశిష్టమైన కళలు ప్రదర్శించేవాళ్ళ కోసం పీ-3 అనే వీసా ఉంది. ఇక్కడి సంస్థ ఐ-129 ఫారం దాఖలు చేయాలి, కార్యక్రమాల పట్టిక ఇవ్వాలి, ఆ కళ గురించి తెలిసిన నిపుణుల ఉత్తరాలు, ఇక్కడి కార్మిక సంఘం అభిప్రాయం జతచేయాలి. వచ్చాక పట్టికలో ఉన్న ఊళ్ళన్నిటిలో పాడవచ్చు, చట్టబద్ధంగా డబ్బు తీసుకోవచ్చు. మన జానపద కళల మీద జీవితాలు వెచ్చించిన అధ్యాపకులు వరంగల్‌లోని జానపద గిరిజన విజ్ఞాన పీఠంలో ఉన్నారు. అడిగితే అలాంటి ఉత్తరం రాయరని నేను అనుకోను. కాకపోతే ఇదంతా నెలల ముందు మొదలుపెట్టాలి, ఉగాదికి పిలవాలంటే వినాయక చవితికే కాగితాలు కదలాలి.

ఇక రికార్డింగ్. కచేరీ జరిగే ముందే ఒక పేజీ ఒప్పందం రాసుకుందాం, తెలుగులోనే. పారితోషికం ఎంతో, ఎప్పుడు ఇస్తామో అందులో ఉండాలి. ఆడియో గానీ వీడియో గానీ వాళ్ళది. వాళ్ళ అనుమతి లేకుండా ఎవరూ ఎక్కడా పెట్టకూడదు. పెడితే వాళ్ళ పేర్లతో, వాళ్ళ ఖాతాకు డబ్బు చేరేలా పెట్టాలి. మంచి మైకులతో మొత్తం కథ ఒక్కసారి రికార్డు చేసి ఆ ఫైళ్ళు వాళ్ళ చేతిలో పెడదాం. వాళ్ళ ఇంట్లోనూ ఒక వుడ్‌ల్యాండ్ ఉండాలి కదా, పాత ట్రంకు పెట్టెలోనైనా.

ఆ దంపతులతో మొన్న మాట్లాడాను. ఆయనకు మోకాళ్ళ నొప్పులు, అయినా వస్తామన్నారు. ఆవిడ ఒకటే అడిగింది, ఆ గాలి మిషను మళ్ళీ దొరుకుతుందా అని. కొని ఇంటికే పంపించాను.

మా ఊళ్ళో హాలు మాట్లాడి పెట్టాను. నాకు తెలిసిన పదిహేను కుటుంబాలు టికెట్ కొంటామన్నాయి. తక్కిన తొమ్మిది ఊళ్ళు మీవి. వీసా పిటిషన్ మీద సంతకం చేసే సంస్థ ఒకటి కావాలి. మీలో ఏ కమిటీ ముందుకొచ్చినా ఫారాలు నింపడం, ఉత్తరాలు తెప్పించడం, అనువాదాలు, ఎయిర్‌పోర్టుకు వెళ్ళి తీసుకురావడం అన్నీ నేను చూసుకుంటాను. వచ్చే కమిటీ సమావేశంలో ఈ విషయం ఎజెండాలో పెట్టండి. నాకు పది నిమిషాలిస్తే వచ్చి మాట్లాడతాను.

ఇట్లు,
నాష్‌విల్ నుంచి మీ వాలంటీర్